లెడ్ జెప్లిన్: పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ అడిగే ప్రశ్నలు

క్లాసిక్ రాక్ గురించి నలుగురు కూర్చుని మాట్లాడితే, కాసేపటికే లెడ్ జెప్లిన్ దగ్గర గొడవ మొదలవుతుంది. ఇంతకు మించిన బ్యాండ్ పుట్టలేదని ఒకరంటారు. అమెరికా నల్లజాతివాళ్ల సంగీతమైన బ్లూస్ కళాకారుల పాటలు ఎత్తుకెళ్లి కోట్లు గడించారని ఇంకొకరంటారు. నా లెక్కలో ఇద్దరూ చాలావరకు నిజమే చెబుతున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. ఈ బ్యాండ్ గురించి మళ్లీ మళ్లీ వినపడే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి. కొన్నిచోట్ల నా అభిప్రాయం కూడా గట్టిగానే ఉంటుంది.

ఎవరు వీళ్లు? రెండు ముక్కల్లో చెప్పండి.

1968లో లండన్‌లో కలిసిన నలుగురు ఇంగ్లిష్ వాళ్లు. జిమ్మీ పేజ్ గిటార్, రాబర్ట్ ప్లాంట్ గానం, జాన్ పాల్ జోన్స్ బేస్, కీబోర్డులు, జాన్ బోన్‌హామ్ డ్రమ్స్. పేజ్, జోన్స్ అప్పటికే లండన్ స్టూడియోల్లో ఎవరెవరి రికార్డులకో వాయించి చేయి తిరిగినవాళ్లు. ప్లాంట్, బోన్‌హామ్ బర్మింగ్‌హామ్ పక్కనున్న పారిశ్రామిక ప్రాంతం నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. వాళ్లకి పేరూ లేదు, డబ్బూ లేదు. 1980 దాకా, అంటే పన్నెండేళ్లపాటు, ఈ నలుగురే. మధ్యలో ఒక్క మనిషి మారలేదు. ఆ కాలపు రాక్ బ్యాండ్లలో ఇది అరుదు. ఎనిమిది స్టూడియో ఆల్బమ్‌లు చేశారు, బ్యాండ్ ముగిశాక మిగిలిన ముక్కలతో 1982లో ‘కోడా’ వచ్చింది.

ఆ వింత పేరేంటి?

ఈ బ్యాండ్ సీసంతో చేసిన బెలూన్‌లా నేలకు దిగబడుతుందని ‘ద హూ’ బ్యాండ్ వాళ్లు వేసిన జోక్ నుంచి వచ్చింది. ఇంగ్లిష్‌లో లెడ్ అంటే సీసం, జెప్లిన్ అంటే గాలిలో తేలే పెద్ద ఓడ. పేజ్‌కి ఆ జోక్ నచ్చింది. అంతకుముందు కొన్ని వారాలు ‘యార్డ్‌బర్డ్స్’ అనే, పేజ్ ముందు వాయించిన పాత బ్యాండ్ పేరుతోనే స్కాండినేవియాలో కచేరీలు చేశారు.

ఇప్పటిదాకా వినలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

అందరూ 1971లో వచ్చిన నాలుగో ఆల్బమ్ చెబుతారు. దానికి అధికారికంగా పేరు కూడా లేదు, అట్ట మీద బ్యాండ్ పేరు వేయలేదు. అమెరికాలోనే రెండు కోట్లకు పైగా అమ్ముడైంది. మంచి సలహానే, కాదనను. కానీ నన్నడిగితే 1975 నాటి ‘ఫిజికల్ గ్రాఫిటీ’తో మొదలుపెట్టండి. డబుల్ ఆల్బమ్ కాబట్టి వీళ్లకు వచ్చిందీ, రానిదీ రెండూ అందులో కనిపిస్తాయి. బ్లూస్ ఉంది, ఫంక్ ఉంది, తూర్పు వాసన ఉంది, కొంచెం సాగదీత కూడా ఉంది.

గట్టి శబ్దం పడనివాళ్లు 1970 నాటి మూడో ఆల్బమ్ రెండో సగం వినండి. అందులోని పాటలు చాలావరకు వేల్స్‌లో కరెంటు కూడా లేని ఒక కాటేజీలో కూర్చుని అకూస్టిక్ గిటార్ మీద మొదలుపెట్టినవి. అప్పట్లో అభిమానులే తిట్టారు ఆ ఆల్బమ్‌ని, ఎందుకింత మెత్తబడ్డారని. నాకైతే వాళ్ల రికార్డుల్లో ఇప్పటికీ వాడిపోనిది అదే.

అసలు ఆ శబ్దంలో అంత గొప్పేముంది? అరుపులే కదా?

అరుపులున్నాయి. మొదటి రెండు ఆల్బమ్‌లలో ప్లాంట్ గొంతు చాలాచోట్ల అతిగానే ఉంటుంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఒకసారి గొంతునీ గిటార్‌నీ పక్కన పెట్టి డ్రమ్స్ మీదే చెవి పెట్టి వినండి. ఈ బ్యాండ్ బరువంతా అక్కడుంది.

నాలుగో ఆల్బమ్ చివర్లో ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ అనే పాట ఉంది. ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో రికార్డు చేశారు. ఒకప్పుడు అది దిక్కులేని పేదలకు ఆశ్రయమిచ్చిన చోటు. బయట రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో ట్రక్కు ఆగి ఉండేది. ఇంజినీర్ ఆండీ జాన్స్ డ్రమ్స్‌ని మెట్ల కింద హాల్లో పెట్టించి, మైకుల్ని మెట్ల పైనుంచి వేలాడదీశాడు. మామూలుగా ప్రతి డ్రమ్ముకీ దగ్గరగా మైకు పెట్టేవాళ్లు. ఇక్కడ మైకుకి అందింది గది మొత్తం. బోన్‌హామ్ కొట్టిన దెబ్బ గోడలకు తగిలి, పైకెక్కి, ఆ తర్వాతే రికార్డయింది. దానికి కొంచెం ఎకో కలిపారు, మిక్సింగ్‌లో వేగం తగ్గించారు. ఆ డ్రమ్ ముక్కని తర్వాత హిప్‌హాప్ వాళ్లు తెగ వాడుకున్నారు. 1986లో బీస్టీ బాయ్స్ తమ మొదటి ఆల్బమ్‌ని మొదలుపెట్టిందే దానితో.

రెండో సంగతి పేజ్‌ది. ఆయన్ని గిటారిస్టుగా పొగుడుతారు కానీ, ప్రొడ్యూసర్‌గా ఆయన చేసిన పనే పెద్దదని నా అభిప్రాయం. స్టేజీ మీద ఆయన గిటార్ చాలాసార్లు తడబడేది, పాత లైవ్ రికార్డింగులు వింటే తెలిసిపోతుంది. స్టూడియోలో మాత్రం ఏ శబ్దం దగ్గరగా ఉండాలి, ఏది దూరంగా ఉండాలి అన్న లెక్క ఆయనకు బాగా తెలుసు. మొదటి ఆల్బమ్‌ని సుమారు 36 గంటల స్టూడియో టైమ్‌లో, తన డబ్బుతో పూర్తి చేసి, తయారైన టేపు చేతిలో పెట్టుకుని అట్లాంటిక్ రికార్డ్స్‌తో బేరం మాట్లాడారు. అందుకే ఏం వాయించాలో చెప్పే అధికారం కంపెనీకి దక్కలేదు.

కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవాళ్లకి ఇందులో పట్టుకోవడానికి ఏమైనా ఉందా?

ఉంది. రాగం వైపు నుంచి కాకుండా తాళం వైపు నుంచి వెళ్లండి.

‘కశ్మీర్’ పాటలో గిటార్ మూడేసి లెక్కల చొప్పున తిరుగుతుంటే, డ్రమ్స్ నాలుగేసి లెక్కల మీద నడుస్తాయి. చేత్తో నాలుగు లెక్క వేస్తూ వినండి. గిటార్ పదబంధం మొదలు ప్రతిసారీ వేరే దెబ్బ మీద పడుతుంది. పన్నెండు లెక్కలకి రెండూ ఒకచోట కలుస్తాయి. చతురశ్రంలో తాళం వేస్తూ తిశ్రంలో కూర్చిన పదబంధాల్ని వినడం అలవాటున్న చెవికి ఈ సరదా వెంటనే తెలుస్తుంది. పాట ఎనిమిది నిమిషాలు దాటినా విసుగు రాకపోవడానికి సగం కారణం ఇదే అనుకుంటాను. ‘ఫోర్ స్టిక్స్’ ఐదు, ఆరు లెక్కల మధ్య తిరుగుతుంది. బోన్‌హామ్ దాన్ని చేతికి రెండేసి కర్రలు పట్టుకుని వాయించాడు, పాటకి ఆ పేరు అందుకే. ‘ది ఓషన్’లో ఒక ఆవృతంలో అర లెక్క తగ్గించేస్తారు. తల ఊపుతున్నవాళ్లు అక్కడ దొరికిపోతారు.

ఇదంతా మన శాస్త్రీయ సంగీతంతో సమానమని నేననడం లేదు. వీళ్ల లెక్కలు చిన్నవి, మనోధర్మం తక్కువ. కానీ రాక్ అంటే ఒకే దంచుడు అనుకునేవాళ్లకి ఇది మంచి దారి.

‘కశ్మీర్’ మన కశ్మీర్ గురించేనా? వీళ్లు ఇండియా వచ్చారా?

కాదు. ఆ పాట మాటలు ప్లాంట్‌కి తట్టింది దక్షిణ మొరాకోలో, ఎడారి దారిలో కారు నడుపుతున్నప్పుడు. అప్పటికి వాళ్లెవరూ కశ్మీర్ చూసినవాళ్లు కాదు.

ఇండియాకి మాత్రం వచ్చారు. 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయిలో ఆగి, అక్కడి స్టూడియో వాద్యకారులతో ‘ఫ్రెండ్స్’, ‘ఫోర్ స్టిక్స్’ రికార్డు చేశారు. ఆ టేపులు నలభై ఏళ్లకు పైగా దొంగ కాపీల రూపంలో తిరిగాయి. 2015లో ‘కోడా’ కొత్త ఎడిషన్‌తో అధికారికంగా బయటికొచ్చాయి. విని చూడండి. ‘ఫ్రెండ్స్’ చక్కగా కుదిరింది. రెండోది అక్కడక్కడా నడక కోసం వెతుక్కుంటున్నట్టే ఉంటుంది, బొంబాయి వాళ్లకి ఇదెక్కడి లెక్కరా అనిపించి ఉంటుంది. ఇంకో చిన్న సంగతి: మొదటి ఆల్బమ్‌లో ‘బ్లాక్ మౌంటెన్ సైడ్’లో వినపడే తబలా విరామ్ జసానీది.

పాటలు దొంగిలించారంటారు. నిజమేనా?

కొన్నిచోట్ల నిజమే. సర్దిచెప్పడానికి ఏమీ లేదు.

‘హోల్ లాటా లవ్’నే తీసుకోండి. 1969లో వచ్చిన ఆ పాట వీళ్లని అమెరికాలో ఇంటింటికీ చేర్చింది. రచయితలుగా నలుగురి పేర్లూ వేసుకున్నారు. కానీ అందులో ప్లాంట్ పాడిన మాటల్లో పెద్ద భాగం బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ రాసిన, 1962లో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాడిన ‘యూ నీడ్ లవ్’ నుంచి వచ్చింది. 1985లో డిక్సన్ కేసు వేశాడు, 1987లో రాజీ కుదిరింది, ఆ తర్వాత ఆయన పేరు చేరింది. రికార్డు బయటికొచ్చి పద్దెనిమిదేళ్లు అయ్యాక! అదే రెండో ఆల్బమ్‌లో ‘ద లెమన్ సాంగ్’ బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ పాట మీద నిలబడింది, ‘బ్రింగ్ ఇట్ ఆన్ హోమ్’ మొదలూ చివరా మళ్లీ డిక్సన్‌వే. వాటికీ కోర్టు దాకా వెళ్లాకే పేర్లు మారాయి.

ఇది నల్లవాళ్ల పాటలతోనే జరిగిందా అంటే, కాదు. ‘డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్’ జేక్ హోమ్స్ అనే అమెరికన్ జానపద గాయకుడిది. 1967లో న్యూయార్క్‌లో యార్డ్‌బర్డ్స్ కచేరీకి ముందు ఆయన పాడాడు. అక్కడ విన్న పాటని పేజ్ తన పేరు మీద వేసుకున్నాడు. 2010లో కేసు, 2012లో రాజీ. ‘బేబ్ ఐయామ్ గాన్నా లీవ్ యూ’ రాసిన ఆన్ బ్రెడన్‌కి పేరు దక్కింది 1990లో.

అభిమానుల వాదన తెలిసిందే: బ్లూస్ అంటేనే ఒకరి నుంచి ఒకరు తీసుకునేది, డిక్సన్ కూడా పాత మాటలు వాడాడు కదా అని. అందులో కొంత నిజం లేకపోలేదు. ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ కూడా 1927 మిసిసిపీ వరదల మీద బ్లూస్ కళాకారులు మెంఫిస్ మిన్నీ, కాన్సస్ జో మెకాయ్ 1929లో చేసిన పాటే. అక్కడ మిన్నీ పేరు మొదటి నుంచీ వేశారు. అంటే పేరు వేయడం ఎలాగో వీళ్లకి తెలుసు! ఊరి చావిడిలో ఒకరి పాట ఇంకొకరు పాడుకోవడం వేరు. రాయల్టీ చెక్కు మీద ఎవరి పేరు ఉండాలన్నది వేరు. ఈ రెండో విషయంలో వీళ్లు తప్పు చేశారు, పైగా తప్పు దిద్దుకోవడానికి ప్రతిసారీ లాయరు నోటీసు కావాల్సి వచ్చింది.

మరి సంగీతం సంగతి? ‘యూ నీడ్ లవ్’, ‘హోల్ లాటా లవ్’ ఒకదాని వెంట ఒకటి వినండి. మాటలు చాలావరకు ఒకటే. ఆ గిటార్ రిఫ్ (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న వరస) మాత్రం డిక్సన్ పాటలో లేదు, మధ్యలో వచ్చే ఆ పిచ్చి శబ్దాల గందరగోళమూ లేదు. మెంఫిస్ మిన్నీ పాటలో రెండు గిటార్లే ఉంటాయి. అది కూడా అద్భుతంగా ఉంటుంది, ఇంకో రకంగా. నేను రెండూ వింటాను. వరసలో పాతదే ముందు పెడతాను.

‘స్టెయిర్‌వే టు హెవెన్’ కూడా కాపీయేనా?

ఈ ఒక్క విషయంలో నేను బ్యాండ్ పక్షం. ‘స్పిరిట్’ బ్యాండ్ వాయిద్య రచన ‘టారస్’ నుంచి మొదటి గిటార్ భాగం తీసుకున్నారని 2014లో కేసు పడింది. 1968 డిసెంబరులో డెన్వర్‌లో జెప్లిన్ అమెరికాలో చేసిన మొదటి కచేరీలో స్పిరిట్ కూడా వాయించింది కాబట్టి విని ఉంటారన్నది వాదన. విని ఉండొచ్చు. కానీ పోలిక ఉన్నది మైనర్ కార్డ్ (కలిపి మోగించే కొన్ని స్వరాలు) నుంచి ఒక్కో మెట్టు కిందికి దిగే వరసలో. అది వందల ఏళ్లుగా పాశ్చాత్య సంగీతంలో ఉన్నదే, దాని మీద ఒకరికి హక్కు ఇస్తే రేపు ఎవరూ గిటార్ ముట్టుకోలేరు. 2016లో జ్యూరీ బ్యాండ్‌కి అనుకూలంగా చెప్పింది. 2018లో అప్పీలు కోర్టు మళ్లీ విచారణ జరపాలంది. 2020 మార్చిలో అదే కోర్టు పెద్ద బెంచి జ్యూరీ తీర్పునే నిలబెట్టింది. ఆ అక్టోబరులో అమెరికా సుప్రీంకోర్టు జోక్యానికి ఒప్పుకోలేదు.

తమాషా ఏంటంటే, పాత చట్టం ప్రకారం కాపీరైట్ ఆఫీసులో దాఖలైన స్వరాల కాగితమే లెక్క. అందుకని పోల్చి చూడడానికి ‘టారస్’ అసలు రికార్డింగ్‌ని జ్యూరీకి వినిపించనివ్వలేదు. అభ్యంతరం చెప్పేవాళ్లు ఇప్పటికీ దీన్నే పట్టుకుంటారు.

ఆ పాట విని విని విసుగొచ్చింది. నాలో లోపం ఉందా?

లేదు. ప్లాంట్‌కే విసుగొచ్చింది. మొదటి నాలుగు నిమిషాలు బాగుంటాయి, డ్రమ్స్ వచ్చాక ఇంకా బాగుంటుంది, సాహిత్యం మాత్రం పొగమంచు. అర్థం వెతక్కండి.

విమర్శకులకు మొదట్లో ఎందుకు నచ్చలేదు?

1969 మార్చిలో రోలింగ్ స్టోన్ పత్రికలో జాన్ మెండెల్‌సన్ మొదటి ఆల్బమ్‌ని ఏకిపారేశాడు. గిటారిస్టు జెఫ్ బెక్ బృందం అంతకుముందే చేసిన పనిని వీళ్లు అంతకంటే తక్కువగా చేశారన్నది ఆయన మాట. అందులో పూర్తిగా అన్యాయమేమీ లేదు, బెక్ ఆల్బమ్ ‘ట్రూత్’ విన్నవాళ్లకి అర్థమవుతుంది. 2003లో అదే పత్రిక 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో అదే రికార్డుకి 29వ స్థానం ఇచ్చింది.

పత్రికలకి ఇంకో కోపం కూడా ఉండేది. మేనేజర్ పీటర్ గ్రాంట్ పత్రికల్నీ, టీవీనీ పెద్దగా పట్టించుకోలేదు. బ్రిటన్‌లో సింగిల్స్ (ఒక పాట కోసం విడిగా అమ్మే చిన్న రికార్డులు) విడుదల చేయనివ్వలేదు. ‘స్టెయిర్‌వే’ని అప్పట్లో అమెరికాలో కూడా సింగిల్‌గా అమ్మలేదు, పాట కావాలంటే ఆల్బమ్ కొనాల్సిందే. కచేరీ ఆదాయంలో బ్యాండ్‌కి 90 శాతం అడిగి తీసుకునేవాడు. ఎవరి దయా అక్కర్లేకుండా ఎదిగిన బ్యాండ్ ఇది. 1973లో ఫ్లోరిడాలోని టాంపాలో 56,800 మంది ఒక్క బ్యాండ్ కోసం వచ్చారు, న్యూయార్క్‌లోని షియా స్టేడియంలో బీటిల్స్ పెట్టిన రికార్డు అక్కడ పోయింది.

వాళ్ల ప్రవర్తన గురించి విన్నాక వినాలనిపించడం లేదు. ఏమంటారు?

వినకపోవడం మీ ఇష్టం, ఎవరూ తప్పు పట్టకూడదు. ఆ టూర్ల కథల్ని చాలాకాలం హీరోయిజంలా చెప్పుకున్నారు. ఇప్పుడు చదివితే ఏవగింపు కలుగుతుంది. లాస్ ఏంజెలెస్‌లో రాక్ బ్యాండ్ల చుట్టూ తిరిగిన అమ్మాయిల్లో కొందరు మైనర్లన్న సంగతి అప్పట్లో ఎవరికీ దాపరికం కాదు. 1977 జులై 23న ఓక్‌లాండ్‌లో కచేరీ నిర్వాహకుడు బిల్ గ్రాహం దగ్గర పనిచేసే మనిషిని స్టేజీ వెనక చితకబాదారు. బోన్‌హామ్, గ్రాంట్‌తో సహా నలుగురి మీద కేసు నడిచింది, ఆరోపణల్ని వాళ్లు కోర్టులో సవాలు చేయలేదు, జరిమానాలతో తప్పించుకున్నారు. “ఆ రోజులు అలాంటివి” అనే మాట నాకు నచ్చదు. ఆ రోజుల్లో కూడా దెబ్బలు తగిలితే నొప్పే.

నా వరకు నేను పాటలు వింటాను, ఆ కథల్ని గొప్పగా చెప్పే పుస్తకాలు మాత్రం కొనడం మానేశాను.

సైతాను పూజలు చేసేవారట కదా?

పేజ్‌కి క్షుద్రవిద్యల రచయిత అలిస్టర్ క్రౌలీ మీద పిచ్చి ఉండేది, స్కాట్లాండ్‌లో లోచ్ నెస్ ఒడ్డున ఆయన పాత ఇల్లు బోల్‌స్కిన్ కొన్నాడు కూడా. అంతవరకే నిజం. పాటని వెనక్కి తిప్పితే సైతాను మాటలు వినిపిస్తాయన్న గోల 1980ల అమెరికాది. ఏ పాటని వెనక్కి తిప్పినా, ఏం వినాలో ముందే చెబితే అదే వినిపిస్తుంది. కావాలంటే ఏదైనా భక్తి పాటతో ప్రయత్నించండి.

ఎందుకు ఆపేశారు? మళ్లీ ఎందుకు కలవరు?

1980 సెప్టెంబరు 25న బోన్‌హామ్ చనిపోయాడు. ముందురోజు విపరీతంగా వోడ్కా తాగి పేజ్ ఇంట్లో పడుకున్నాడు, మళ్లీ లేవలేదు. వయసు 32. ఇక ముందులా సాగలేమని డిసెంబరు 4న ప్రకటన ఇచ్చారు. ఇంకొకరిని పెట్టుకుని నడిపిన బ్యాండ్లు చాలా ఉన్నాయి, వీళ్లు ఆ పని చేయలేదు.

1985లో లైవ్ ఎయిడ్ అనే సహాయ కచేరీలో కలిసినప్పుడు చెత్తగా వాయించారు, దాన్ని మర్చిపోండి. 2007 డిసెంబరు 10న లండన్ ఓ2 అరీనాలో బోన్‌హామ్ కొడుకు జేసన్ డ్రమ్స్‌తో చేసిన కచేరీ మాత్రం నిజంగా బాగుంది, ‘సెలబ్రేషన్ డే’ పేరుతో 2012లో సినిమాగా వచ్చింది. దాని తర్వాత టూర్‌కి వెళ్దామని మిగతావాళ్లు అనుకుంటే ప్లాంట్ ఒప్పుకోలేదు. అభిమానులు ఇప్పటికీ ఆయన్ని తిడుతుంటారు. నేను తిట్టను. ఆయన అప్పటికే అమెరికన్ గాయని ఆలిసన్ క్రాస్‌తో ‘రైజింగ్ శాండ్’ చేసి, మెల్లగా, వయసుకి తగ్గ గొంతుతో పాడుతున్నాడు. ఆ ఆల్బమ్‌కి 2009లో గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ వచ్చింది. అరవై ఏళ్లకి పాత అరుపులే అరవమనడం ఏం న్యాయం?

లెడ్ జెప్లిన్, డీప్ పర్పుల్, బ్లాక్ సబ్బాత్ బ్యాండ్లలో ఎవరు గొప్ప?

ఈ గొడవలో నన్ను దించకండి. హెవీ మెటల్ పుట్టుక కావాలంటే సబ్బాత్. కీబోర్డు, గిటార్ పోటీ కావాలంటే పర్పుల్. ఒకే ఆల్బమ్‌లో జానపదం, బ్లూస్, జమైకా వాళ్ల రెగె ప్రయత్నం (అది కుదరలేదనుకోండి) అన్నీ కావాలంటే వీళ్లు.

ఇప్పటి కుర్రాళ్లకి ఎలా చేరుతోంది?

సినిమాల ద్వారానే ఎక్కువ. 2017లో ‘థోర్: రాగ్నరాక్’ చూసి ‘ఇమిగ్రెంట్ సాంగ్’ కోసం వెతికినవాళ్లు మన హైదరాబాద్, విజయవాడ మల్టీప్లెక్సుల్లోనూ ఉండే ఉంటారు. 2025లో థియేటర్లలోకి వచ్చిన ‘బికమింగ్ లెడ్ జెప్లిన్’ డాక్యుమెంటరీ మొదటి రెండేళ్ల కథ చెబుతుంది. కచేరీ దృశ్యాలు బాగున్నాయి. కానీ బ్యాండ్ అనుమతితో తీసింది కాబట్టి, ఆ తర్వాతి చీకటి కథలు అందులో ఉండవు.

ఏ ఎడిషన్ వినాలి?

2014, 2015లలో పేజ్ స్వయంగా చూసుకుని రీమాస్టర్ చేయించినవి స్ట్రీమింగ్‌లో ఉన్నాయి, అవి చాలు. పాత వినైల్ కోసం వేలు పోయక్కర్లేదు. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వినకండి, బోన్‌హామ్ బేస్ డ్రమ్ అందులో వినపడదు. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా పర్లేదు.